పూటకూటి యిల్లు, మా యిల్లు

ప్రత్యేక సంచికకు ఒక వ్యాసము వ్రాయుడని మా సంఘ కార్యదర్శిగారు కబురు పంపినప్పుడు, నాయక రాజులను గూర్చి వ్రాయుదుమా అని మేము మొదట తలచితిమి. ఆ పనికి తగిన చదువు మాకు లేదు. మేము చదివినది ఎస్.ఎస్.ఎల్.సి. వరకే. 1981లో ఒక సర్కారు కార్యాలయమున గుమాస్తాగా చేరి, ముప్పది ఆరు సంవత్సరములు ఫైళ్లకు నంబర్లు వేసి, 2017లో విశ్రాంతి పొందితిమి. అదియును గాక విశ్వనాథ నాయకుడును తిరుమల నాయకుడును మన సంచికలలో ప్రతియేటను దర్శనమిచ్చుచునే యున్నారు. ఈ యేడు వారికి కొంచెము విశ్రాంతి నిచ్చుట మేలని తోచినది. మాకు నిజముగా అనుభవములో నున్న విషయ మొక్కటి కలదు. అది హోటలులో తినుట. ఇంటివారితోను స్నేహితులతోను కోయంబత్తూరులోను మదురలోను మేము తిన్న తిండిని గూర్చియే వ్రాయుచున్నాము. చదువరులు నవ్వినను మాకు కోపము లేదు.

హోటలు అను మాట ఇంగ్లీషుది గాని ఆ పని మనకు క్రొత్తది కాదు. పూటకూటి యిల్లు అను చక్కని మాట తెలుగున కలదు. ఓరుగల్లులో రూక యిచ్చి భోజనము చేయు పూటకూటి యింటి ముచ్చట క్రీడాభిరామములో నున్నది. గురజాడవారి కన్యాశుల్కము చదివినవారు పూటకూళ్లమ్మను మరవలేరు. ఇక మదురలో రైలు దిగి బయటికి వచ్చినవారికి ఎదుటనే మంగమ్మ సత్రము కనబడును. 17వ శతాబ్దము చివర, పసివాడైన మనుమని పేర రాజ్యమేలిన రాణీ మంగమ్మ బాటసారులకు బాటలును సత్రములును కట్టించినదని అక్కడి తమిళులు నేటికిని చెప్పుకొందురు. అయితే సత్రమునకును పూటకూటి యింటికిని ఒక భేదము కలదు. సత్రములో తిన్నవాడు పెట్టినవారికి పుణ్యము వదలి పోవును. పూటకూటి యింట తిన్నవాడు రూక చెల్లించి తల యెత్తుకొని పోవును. మేము వ్రాయబోవునది ఈ రెండవ దానిని గూర్చి.

మా చిన్ననాట, అనగా 1960ల దశకము చివర, హోటలులో తినుట మా యింట గౌరవమైన పనిగా లేదు. "ఇంట్లో పొయ్యి వెలగనోళ్లు పోయే చోటు అది" అని మా అవ్వ అనుచుండెడిది. మా నాయన నూలు మిల్లులో పనివాడు. కోయంబత్తూరులో మొదటి మిల్లు 1888లో వచ్చినది. 1932లో పైకారా జలవిద్యుత్తు వచ్చిన పిమ్మట మిల్లులు వరుసగా లేచినవి. వానిలో అనేకము మన తెలుగువారు పెట్టినవే. మూడు పాళీల సైరన్లు మ్రోగు ఊరిలో, రాత్రి పాళీ దిగినవాడు వేడి కాఫీకి ఎక్కడికి పోవలెను? మిల్లు గేటు ఎదుట బల్లలు వేసిన టిఫిను అంగడులు అందువలన పుట్టినవి. నాయన వానిలో కాఫీ త్రాగెడివాడని అవ్వకు తెలియును. తెలిసినట్లు ఎన్నడును చూపలేదు.

ఏడాదికి ఒక్క దినము మాత్రము ఆ నియమము సడలెను. దీపావళికి బోనసు చేతికి వచ్చిన సాయంకాలము నాయన మమ్ముల నందరిని హోటలుకు పిలుచుకొని పోయెడివాడు. దామోదరస్వామి నాయుడుగారు స్థాపించిన అన్నపూర్ణ హోటలు ఆ దశకముననే ఊరివారి నోట పడినది. ఇడ్లీ మునుగునంత సాంబారు పోయించుకొనుట అక్కడ ఊరివారికి అలవాటు. ఆ సాంబారు రుచి పప్పుదా, శిరువాణి నీళ్లదా అని మా నాయనయు ఆయన మిత్రులును వాదించుకొనెడివారు. మేము నీళ్ల పక్షము. వేరొక ఊరిలో అంత తియ్యని నీరు మేము త్రాగలేదు.

మా అమ్మ మొదటిమారు హోటలులో కూర్చున్న దినము మాకు బాగుగా జ్ఞాపకము. తలపై కొంగు కప్పుకొని, గోడ వైపు తిరిగి కూర్చున్నది. తనకేమి కావలెనో నాయన చెవిలో తెలుగున చెప్పును. నాయన దానిని అరవమున సర్వరుతో చెప్పును. ఇట్లు రెండుమార్లు జరిగినది. మూడవమారు నాయన నోరు తెరవకముందే ఆ సర్వరు, "అమ్మకు పెరుగు ఇంకొంచెం తెచ్చేదా?" అని మన మాటలోనే అడిగెను. అతడు పొల్లాచ్చి దిక్కువాడట. అమ్మ ముఖము ఎర్రబడినది. ఇంటికి వచ్చుచు దారి పొడుగునను "వాడు అంతా వినేసినాడు" అని నవ్వినది. ఆ నవ్వు కొరకే మరుసటి యేడు నాయన తిరిగి అదే బల్లకు పిలుచుకొని పోయెనేమో!

ఇంట మేము చారు అన్నది హోటలులో రసమగును, పెరుగు తయిరగును. గడప దాటగానే మాట మార్చుట మన పిల్లలకు నడక నేర్చుటతోపాటు వచ్చును. అది తప్పని మేము అనము. ఆ యూరిలో నాలుగువందల యేండ్లుగా బ్రతికిన మనకు అరవము పరాయి భాష కాదు. కాని పదిమంది నడుమ తెలుగు మాట చెవిని బడినప్పుడు తలలు గిరుక్కున తిరుగుట మాత్రము ఎవరును మాన్పలేరు. ఈ సంగతి ముందు మరల వచ్చును.

1985లో మాకు మదుర సంబంధము కుదిరినది. కోయంబత్తూరు హోటలు తెల్లవారుజామున మేలుకొనును. మదుర హోటలు రాత్రి మేలుకొనును. తూంగా నగరము, అనగా నిద్రపోని ఊరు, అని దానికి పేరు. పెండ్లియైన మూడవనాటి రాత్రి మా మామగారు, "అల్లుడా, ఊరు చూస్తామా?" అని బయలుదేరదీసిరి. ఊరనగా గుడియో తిరుమల నాయకుని మహలో అని మేమనుకొంటిమి. ఆయన మమ్ము సిమ్మక్కల్ లోని కోనార్ మెస్సుకు పిలుచుకొనిపోయి కరిదోశ తినిపించిరి. దోశపై గ్రుడ్డు పోసి, దానిపై సన్నగా తరిగి వండిన మాంసము పరచి కాల్తురు. ఒక్కటి తిన్న పిమ్మట రెండవది అడుగుటకు ధైర్యము కావలెను. అటనుండి విళక్కుత్తూణు చేరి జిగర్తండా త్రాగితిమి. పాలు, బాదము బంక, నన్నారి షర్బతు, పైన ఐసుక్రీము. ఆ రాత్రి మేము నిద్రపోలేదు. ఊరి పేరును మా కడుపు నిలబెట్టినది.

మా మామగారిని గూర్చి ఒక మాట. ఇంటిలో ఆయన బహు నిష్ఠాపరుడు. ఎవరు ఎక్కడ కూర్చుండవలెనో, ఎవరికి ముందు వడ్డింపవలెనో అన్నింటికిని లెక్క యుండెను. ఆ మనిషియే వీధిలోని బల్లపై ఒక రిక్షా మనిషికిని ఒక సౌరాష్ట్ర నేతగానికిని నడుమ ఇరుకుకొని కూర్చుండి, భుజములు రాచుకొనుచు తినుచుండిరి. ఆ నేతగాడు తన బిడ్డతో మాటలాడుచుండగా నడుమ నడుమ తెలుగు మాటలు వినబడినవి. విజయనగర రాజ్యమున నిలిచి వచ్చినవారి భాష గదా. మేము మామగారిని, "ఇంట్లో ఇట్లా కూర్చుంటారా?" అని అడిగితిమి. ఆయన చేయి నాకుచు, "ఇల్లు మీ అత్తది, వీధి నాది" అనిరి. అప్పుడు నవ్వితిమి. మరుసటి యేడు ఆ మాట జ్ఞాపకము వచ్చినప్పుడు నవ్వు రాలేదు.

ఆ కథ చెప్పుటకు ముందు మా తాతను గూర్చి చెప్పవలెను. వెనుకటి కాలమున మన రాజధానిలోని రైల్వే భోజనశాలలలో బ్రాహ్మణులకు వేరు స్థలము, ఇతరులకు వేరు స్థలము ఉండెను. ద్రావిడోద్యమమువారి ఆందోళనపై 1941లో ఆ ఏర్పాటు పోయినది. అంతకు ముందు ఒకమారు మా తాత తెలియక ఆ వేరు గదిలో అడుగుపెట్టగా, అక్కడివారు ఆయనను బయటికి పంపిరట. చేతిలో టిక్కెట్టు ఉన్నది, జేబులో డబ్బు ఉన్నది, ఆకలి ఉన్నది. "డబ్బిచ్చి తినేదానికి కూడా కులమా?" అని మా తాత చనిపోవు వరకు చెప్పుచునే యుండెను. ఆ అవమానము మా యింటి ఆస్తివలె తాతనుండి నాయనకును నాయననుండి మాకును సంక్రమించినది.

ఇక మా మిత్రుని సంగతి. అతడు 1983లో మా కార్యాలయమున చేరెను. మాకంటె రెండేండ్లు చిన్నవాడు. అతనిది అవినాశి దిక్కున ఒక పల్లె. ఏడాదిపాటు అతనితో మేము అరవముననే మాటలాడితిమి. ఒకనాటి మధ్యాహ్నము ఒక ముసలమ్మ గుడ్డమూట పట్టుకొని కార్యాలయపు వరండాలో నిలిచి, "నాయనా, పొద్దున బువ్వ తినకనే వస్తివి గదా. ఇదో, సంగటీ పుంటికూరా తెచ్చినాను" అనెను. మేము కలము క్రింద పెట్టితిమి. పుంటికూర! మా అవ్వ పోయిన తరువాత ఆ మాట మేము వినలేదు. మా యింటిలోనే అది పుళిచ్చకీరై అయిపోయినది.

అతడు అరుంధతీయుడు. కోయంబత్తూరు ప్రాంతపు అరుంధతీయులలో అనేకుల యింటి భాష తెలుగేనని మన చదువరులకు తెలియని సంగతి కాదు. తెలిసియు మన సంచికలలో వ్రాయు అలవాటు లేదు. తెలుగువారి జాబితా వ్రాసినప్పుడు మన కలము సాధారణముగా ఎక్కడ ఆగునో మనకు తెలియును.

జీతము వచ్చిన సాయంకాలము మా కార్యాలయ మిత్రులు అయిదుగురు హోటలుకు పోవు ఆచారముండెను. అతనిని పిలిచినప్పుడెల్ల, "ఈ దినము ఉపవాసమన్నా" అనెడివాడు. ఒక్క మనిషికి ఇన్ని ఉపవాసములేమని మేము అడుగలేదు.

1986లో అతని పెండ్లి కుదిరినది. శుభలేఖ తీసికొని, తోడుగా మరి యిద్దరు ఉద్యోగులతో మా యింటికి వచ్చెను. మా అమ్మ కాఫీ తెచ్చినది. మా యింటి టంబ్లర్లపై, తమిళదేశమున అందరి పాత్రలవలెనే, పేర్లు చెక్కబడి యుండెను. తక్కిన యిద్దరికిని మా తాత పేరు చెక్కిన టంబ్లర్లలో కాఫీ వచ్చెను. అతనికి వచ్చిన దానిపై పేరు లేదు. అంచున సొట్టపడిన ఆ టంబ్లరు మా పెరటి కిటికీ చూరులో ఉండెడిది. చెప్పులు కుట్టువానికి, పాకీ పనికి వచ్చునామెకు దానిలో కాఫీ పోసెడివారు. అది అక్కడ ఉన్నదని మేము పుట్టినది మొదలు ఎరుగుదుము. ఎరిగియుంటిమని ఆ క్షణమున తెలిసినది.

మేము నోరు తెరవలేదు. ఇప్పుడు వ్రాయుచున్నప్పుడును ఆ మౌనమునకు ఒక సమాధానము కుదురునేమోనని వెదకితిమి. కుదురలేదు. అతడు కాఫీ పూర్తిగా త్రాగెను. లేచి పెరటి కొళాయి వద్దకు పోయి టంబ్లరు కడిగి, కిటికీ చూరులో బోర్లించి వచ్చెను. ఆ చోటు అతనికి ఎవరును చూపలేదు.

1950 నాటి రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దు చేసినది. 15వ అధికరణము, అంగడులలోను హోటళ్లలోను ప్రవేశించుటకు కులము అడ్డు కారాదన్నది. 1955లో శిక్షల చట్టమును వచ్చినది. ఇవన్నియు మేము ఉద్యోగపు పరీక్షలకు కంఠస్థము చేసినవే. చట్టము హోటలు తలుపు వరకు వచ్చును. మా వంటింటి కిటికీ వరకు వచ్చునది చట్టము కాదు, మేమే. మేము రాలేదు.

నాలుగు దినములు అతని ముఖము చూడలేకపోతిమి. నెల మొదటి తేదీన జీతము వచ్చినది. అతని బల్ల వద్దకు పోయి, "ఈ దినము ఉపవాసము చెప్పవద్దు, రా" అంటిమి. అతడు కొంతసేపు ఫైలు త్రిప్పి, "అన్నా, ఆడ టంబ్లరు మీద పేరు ఉంటాదా?" అని అడిగెను.

"ఉంటాది. హోటలు పేరు. అందరి టంబ్లరు మీదా అదే పేరు" అంటిమి.

అతడు వచ్చెను. ఇడ్లీ, నేతిదోశ, కాఫీ. సర్వరు ఆరు టంబ్లర్లు ఒక్క చేతితో తెచ్చి బల్లపై దడదడ పెట్టి పోయెను. వానిని ఎవరు ఎత్తి త్రాగిరో, ముందు ఎవరు త్రాగియుండిరో, లోపల కడుగుచోట అన్నియు ఒకే తొట్టిలో ఎట్లు కలియునో మేము మొదటిసారి ఆలోచించితిమి. పరువైనవారు పోగూడని చోటని అవ్వ చెప్పిన ఆ చోటు మా యింటికంటె పరువుగా నుండెను. అతడు తన టంబ్లరు త్రిప్పి హోటలు పేరు చదివి, ఆ పిమ్మట చెప్పెను. వారి పల్లె టీ అంగడిలో వారికి వేరు గ్లాసులు. వాళ్ల నాయన కాలమున కొబ్బరి చిప్పలట. చిన్ననాడు తండ్రితో ఈ ఊరికి వచ్చినప్పుడు, తండ్రి హోటలు ఎదుట నిలిచి, ఎవరినో బతిమాలి నాలుగు బోండాలు తెప్పించి, వీధిచివర చెట్టు క్రింద కొడుకునకు పెట్టెనట. "లోపలికి పోతే ఏమంటారో మా నాయనకు తెలీదు. ఎవురూ ఏమీ అనకపోయుండొచ్చు. ఆయన పోయి చూడలేదు" అనెను. మా కిటికీ మాట అతడు ఎత్తలేదు. మేము ఎత్తబోతిమి. "కాఫీ ఆరిపోతాది, తాగన్నా" అనెను.

1996లో అతనికి పదోన్నతి వచ్చినది. ఆ సంతోషమునకు రెండు కుటుంబములును కలిసి హోటలులో భోజనము చేయవలెనని అతడే తలపెట్టెను. మా అమ్మ వచ్చునో రాదో అని మాకు భయము. ఆమె ఒక్కమాటయు అనక చీర మార్చుకొని బయలుదేరెను. హోటలులో ఇద్దరు తల్లులును ఎదురెదురుగా కూర్చుండిరి. ఆకులు వేసిరి. అన్నము, సాంబారు వచ్చువరకు ఎవరును మాటలాడలేదు. పొరియలు వడ్డించుచుండగా అతని తల్లి, "ఈ ఆకుకూర కంటే మా పుంటికూర మేలు" అని తనలో తాననుకొన్నట్లు అన్నది.

మా అమ్మ తల యెత్తి, "మీ ఇంట్లో దాంట్లోకి ఎండుమిరపకాయా, పచ్చిమిరపకాయా?" అని అడిగినది.

అంతే. మజ్జిగ వచ్చువరకు ఆ యిద్దరు ఆగలేదు. సంగటి ముద్ద ఎట్లు కట్టవలెను, ఊరబెట్టిన మామిడికాయ ఎన్ని నెలలు నిలుచును, మా అవ్వ వాడిన మాటలు, మేము పోయినవనుకొన్న మాటలు, ఆ ఆకుల మీదికి ఒక్కటొక్కటిగా వచ్చినవి. మా పెండ్లాము నోరు తెరచుకొని వినుచుండెను. మదుర తెలుగులో వానిలో సగము లేవట. ప్రక్క బల్లవారు తల త్రిప్పి చూచిరి. ఈమారు మా అమ్మ గొంతు తగ్గింపలేదు.

దీనితో మా అమ్మ మారిపోయినదని వ్రాసినచో అది కథ యగును. ఆమె మనస్సులో ఏమి జరిగినదో మాకు చెప్పలేదు. మేమును అడుగలేదు. 2004లో ఆమె పోయిన పిమ్మట పాత్రలు పంచుకొనుచుండగా మా చెల్లెలు బియ్యపు డబ్బా తెరచినది. లోపల కొలతకు వేసిన టంబ్లరు ఒకటి ఉండెను. పేరు లేదు, అంచున సొట్ట. ఎప్పటినుండి అది కిటికీ వదలి మా బియ్యములోనికి వచ్చినదో చెప్పుటకు ఆమె లేదు. చెల్లెలు దానిని తీసికొందునన్నది. మేము ఇవ్వలేదు. నేటికిని మా యింట బియ్యము దానితోనే కొలుచుచున్నారు.

ఇప్పుడు మిత్రుడును మేమును ఇద్దరము పింఛనుదారులము. నెలకొకమారు, పింఛను పడిన వారమున, రెండు కుటుంబములలో తీరిక గలవారు కలిసి హోటలుకు పోదుము. బిల్లు ఒక నెల మాది, ఒక నెల అతనిది. బిల్లులపై పన్నుల చిక్కు వేరే యున్నది. బన్నుకు పన్ను లేదు, దానిలో క్రీము పెట్టినచో పన్ను అని 2024 సెప్టెంబరులో మా యూరి హోటలు యజమాని యొకరు కేంద్ర ఆర్థిక మంత్రి యెదుట చెప్పిన మాట దేశమంతయు వినినది. మా కుమార్తె కొడుకు దానిని విని, బన్ను వేరుగా క్రీము వేరుగా తెప్పించుట తన హక్కని నిశ్చయించుకొన్నాడు.

వానికి పండ్రెండేండ్లు. తెలుగు అర్థమగును, అరవమున జవాబిచ్చును. 2006 నాటి తమిళ చట్టము తరువాత బడిలో చేరినవాడు. తెలుగు అక్షరములు వానికి ముగ్గులవలె కనబడును. క్రిందటి నెల వాడును మాతో వచ్చెను. ఇప్పుడు మా యూరి హోటళ్లలో వడ్డించువారు అనేకులు ఉత్తరాది, తూర్పు దేశపు పిల్లలు. మా బల్లకు వచ్చిన బాలునకు అరవము అంతంతమాత్రము. మనుమడు రసమడిగెను. బాలునికి మనుమని వడి మాట అందలేదు. తెల్లబోయి నిలిచెను. మా మిత్రుడు మా వైపు తిరిగి మెల్లగా, "చారు అయిపోయిందేమో అన్నా" అనెను.

ఆ పిల్లవాని ముఖము వెలిగినది. "చారు ఉంది బాబూ! తెస్తాను" అనెను. వానిది ఒడిశాలోని బరంపురమట.

మనుమడు మమ్ములను, వానిని, మిత్రుని మార్చి మార్చి చూచి, "తాతా, రసమంటే చారా?" అని అడిగెను. తెలుగుననే అడిగెను. మిత్రుడు వాని ఆకులో అన్నము గుంట చేసి చూపుచు ఏదో చెప్పుచుండెను. బరంపురపు పిల్లవాడు గిన్నెతో తిరిగివచ్చి, అడుగకయే అందరికిని రెండేసి గరిటెలు పోసెను. బిల్లు వచ్చినది. మేము చేయి చాచితిమి గాని ఆ నెల వంతు మిత్రునిది.